రెండుకీ మూడుకీ మధ్య

శువైఖ్‌లో పదిగంటలకే
రేకుల షెడ్డు పెనమైంది.
తాడు కట్టించుకోని వచ్చింది క్రెసిడా,
నాకన్నా రెండేండ్లు చిన్నది.

"సూది ఎప్పుడూ ఆ పైనే ఉంటుంది,
దానికది అలవాటు" అన్నాడు రాఫత్ సారు.
మిస్రీ, లెక్కల మాస్టరు.
బతుకంతా అంకెల్ని నమ్మిన మనిషి
ఎర్రగీతని మాత్రం మూడు నెలలు నమ్మలేదు.

వేడి మీద మూత తియ్యగూడదు.
కోపంలో ఉండేవాణ్ణి సంగతేందని అడగం కదా.
టీ తెప్పించినా.
ఆయన తాగినాడు, బండి చల్లారింది,
నేను గొట్టాల కొసలు తడిమినా,
పంపు కింది బొక్కలో వేలు పెట్టినా.
పచ్చ చార ఎండిన గుర్తు యాడా లేదు.
నీళ్లు తగ్గతాండాయి,
నేల పొడిగానే ఉండాది.
అంటే ఇది బయటికి ఏడ్చే రకం కాదు.

రేడియేటరు నోటికి గాలిపంపు బిగించి
ముగ్గురం ముల్లు వంక చూస్తా కూచున్నాం.
ఎవరూ తొయ్యకుండానే అది దిగింది,
నిదానంగా,
జీతం రోజు దాటినాక పర్సు మాదిరి.

ఆయిల్ మూత తిప్పితే
వెనకాల మీగడ.

స్టార్ట్ చేసినాం. తెల్లపొగ.
ఈడ నాకు ఇంకో ముక్కు కావాల.
మూడేండ్ల కిందట జొరంలో పోయిన వాసన
మళ్లా రాలేదు;
పెట్రోలూ ఒకటే, మల్లెపూలూ ఒకటే.
ఓబులేసును పిలిచినా, "చూడ్రా."
వాడు గొట్టం కాడ వంగి కండ్లు మూసుకున్యాడు.
"తియ్యగా ఉండాదిన్నా."
"ఎంత తియ్యగా?"
"పాకం మాడబొయ్యే ముందర…"
చాలు, లే.
ఆ తీపిని వేలితో నాకబోతే
బాషా మేస్త్రీ నన్ను చెంప మీద కొట్టినాడు ఒకనాడు.
విషమని చెప్పింది ఆ తరవాత.

పది బోల్టులూ కొసల నుంచి నడిమికి వదులుచేసి
హెడ్డు లేపినాం.
రెండో సిలిండరుకీ మూడో సిలిండరుకీ మధ్య
గ్యాస్కెట్టు కాలి దారి పడింది.
మా రూములో ప్లైవుడ్డు గోడా అంతే,
అవతలోడి దగ్గు
ఇవతలోడి నిద్రలోకి వస్తాది.

ఉక్కుబద్ద అడ్డం పెట్టి
వెనక టార్చి వేసినా.
నీళ్లు కారిన చోట
వెలుతురు కారింది.
పదో నంబరు రేకు దూరింది.
పదైదు దూరింది.
ఇరవై కాడ నిలబడింది.
సారు ఆ రేకును రెండు గోళ్ల మధ్య పట్టుకోని
"ఇంతేనా?" అన్నాడు.
ఇంతే సారూ.

గీయిస్తే సరిపోతాదేమో అని ఒక ఆశ.
ఎర్ర రంగు పూసి, తుడిచి,
తెల్ల పొడి చల్లి కాచుకున్నాం.
వాల్వు పక్క నుంచి
దారమంత ఎరుపు మెల్లగా పైకొచ్చింది.
ఆయన నమ్మని గీత
ఇంజను లోపల గీసి పెట్టుకుంది.

సారు సుద్దముక్క అడిగినాడు.
నేల మీద కూడినాడు, తీసేసినాడు,
బండి ధర కంటే బాగుచేసే ధర ఎక్కువొచ్చింది.
జవాబు కింద రెండు గీతలు గీసి,
బూటుతో చెరిపి,
"సక్రాబ్‌లో హెడ్డు వెతుకు" అని టాక్సీ ఎక్కినాడు.

నాలుగు రోజులు పట్టింది.
దొరికినదాన్ని గీయించి, కడిగి, కూచోబెట్టి
ఈసారి నడిమి నుంచి కొసలకి
మూడు సుట్లు బిగించినాం.
ఓబులేసు లెక్కబెడతా తప్పినాడు,
మళ్లా మొదటికొచ్చినాం.

సాయంత్రం ఇంజను సగం దాకా వేడెక్కి
ఆడనే ఆగింది సూది.
వాడే పోయి గొట్టం కాడ వంగినాడు.
"ఏమొస్తాంది రా?"
చానాసేపు పీల్చి తలకాయ ఎత్తినాడు.
"ఏమీ రాలేదన్నా."

నాకూ అంతే.