బొటనవేలు

టంగుటూరు గ్రేడింగ్ షెడ్డులో
పద్దెనిమిదేళ్ళుగా పొగాకు వేరుచేస్తోంది మా దీనమ్మత్త.
కరెంటు పోయినా చెయ్యాగదు,
తాకి చెబుతుంది
ఏది మేలాకు, ఏది మాడినాకు,
ఏది వేలం నుంచి వెనక్కొచ్చే ఆకు.

పోయినేడు ఒంగోలు కుర్రాడెవరో వచ్చి
ఆమె చేతుల్ని ఫోన్లో పట్టుకుపోయాడు.
మొహం రాలేదు.
వెనక ఏదో ఏడుపు పాట పెట్టాడు.
నాలుగు లక్షలమంది చూశారంట.
మేస్త్రి చూపిస్తే
"గాజు పగిలిందే ఆరోజు" అంది. అంతే.

ఇంట్లో ఫోనొకటి. డేటా రోజుకి ఒకటిన్నర.
యల్లమంద బావ తెల్లారేలోపే సగం తాగేస్తాడు.
మిగిలింది కెమిస్ట్రీకని దాచుకుంటానా,
మధ్యలో ఓ తెల్లపిల్ల క్రీము డబ్బాతో వస్తుంది.
పాఠం అక్కడే ఆగిపోతుంది,
నేను అద్దం దగ్గర తేలతాను.

అత్తకొచ్చేవి వేరు.
మెంతినీళ్ళతో షుగరు పోద్దని
తొమ్మిది రోజులు బిళ్ళ మానేసింది.
పదో రోజు బేళ్ళ మీద కూలిపోయింది.
"అంతమంది పంపారు గదే,
అబద్ధమెట్టా అవుద్ది?"

ఆకు అబద్ధమాడితే
వేళ్ళతోనే పట్టేసే మనిషి!

రాత్రి ఫోను తెరవబోయింది.
బంక పట్టిన బొటనవేలు.
కొంగుకి తుడిచింది, బూడిదతో తోమింది,
నిమ్మచెక్క రుద్దింది.
మళ్ళీ ప్రయత్నించమంది ఫోను.
మళ్ళీ.

నన్ను లేపలేదు.
చీకట్లో ఆ నల్లటి పలకని
అటూ ఇటూ తిప్పి తడుముతూ కూచుంది,
ఏ గ్రేడులో వెయ్యాలో తెలీనట్టు.