అదే మడత

ఫహాహీల్ మీద దుమ్ము లేచిన రోజు
బడివాళ్ళు అడిగారని
వాడి బ్లడ్ గ్రూప్ కార్డు తెచ్చాను.
బి పాజిటివ్.

నాది ఓ. ఆయనదీ ఓ.
పదో తరగతి సైన్సు పాఠం
నాకింకా గుర్తే.

అన్నం వడ్డిస్తూ కార్డు కంచం పక్కన పెట్టాను.
చూశాడు.
"పులుసులో ఉప్పు తగ్గింది" అన్నాడు.

అరిచి ఉంటే బాగుండేది.
ఎవడి బిడ్డే వీడు అని
జుట్టు పట్టుకున్నా బాగుండేది.
నేను తప్పు చెయ్యలేదని నాకు తెలుసు.
ఆయనకెలా తెలుసు?

కాన్పు రాత్రి మత్తిచ్చారు.
మూడు రోజులు నాకు లేవు.
నాలుగో రోజు వీణ్ణి నా పక్కలో పెట్టి
"నీ పోలికే" అన్నాడు,
నేను అడక్కముందే.

ఆ నెలలోనే
కింది ఫ్లాట్‌లో పనిచేసే మస్తానమ్మ
ఉన్నట్టుండి రాయచోటికి పోయింది.
వదులు అబాయా, మండుటెండలో శాలువా.
పోతూ పోతూ వీడి అరికాలు ముద్దుపెట్టుకుంది.
నా మొహం చూడలేదు.

ఇవాళ బియ్యం డబ్బా అడుగున
ఎక్స్‌చేంజి రసీదులు,
నెలకొకటి, ఆరేళ్ళవి.
అందుకునేవాళ్ళ పేరు రెండుసార్లు చదివాను.

మరి నా కడుపులో తన్నినవాడు?

లోపల దగ్గు.
"అమ్మా, నీళ్ళు."

రసీదులు అదే మడతలో పెట్టేశాను.
వేళ్ళ గుర్తు పడకుండా బియ్యం సర్దాను.
గ్లాసుతో వెళ్తే
వాడి మంచం పక్కన, చీకట్లో, ఆయన.

"ఏం వెతుకుతున్నావు?"

"బియ్యానికి పురుగు పట్టింది.
ఏరుతున్నా."