తరుగు తియ్యని బరువు

శనివారం. ఎనుమాముల యార్డు బందు.
కాంటాలన్నీ తలకాయ వంచుకొని పన్నయి.
ఘాటు మాత్రం నా ముక్కుల కూసోని
డీసీఎం ఎక్కి మా ఎంబడే వచ్చింది.
ములుగు దాటినా పోలే,
గోవిందరావుపేట కాడ రెండు చాయ్‌లు తాగినా పోలే.

లక్నవరంల లాంచీ.
దాని పక్కకు పసుపు రంగుతోటి రాసిండ్రు:
నలభై మంది మాత్రమే.
నాకు మనుషులు కనపడలే, బస్తాలు కనపడ్డయి.
మొగిలిగాడు ఎనభై కిలోలు, లూజు సరుకు.
వాని పెండ్లాం నిండు బస్తా,
మూతి కుట్టుడు మరిచిపోయిండ్రు.
మా కోమల నలభై రెండు, తేజ రకం,
తాలు ఒక్కటి లేదు.
అందర్ని కలిపి ఇరవై రెండు క్వింటాళ్లు అని
లెక్క తేలేసరికి
ఒడ్డు మమ్మల్ని ఇడిసిపెట్టింది.

ముప్పై ఏండ్లల ఎంత మోసిన్నో
మెడ ఎనుక బొడిపెకు తెలుసు.
డాక్టరు దాన్ని గడ్డ అన్నడు.
మా సంఘంల సర్వీసు పుస్తకం అంటం.
కొక్కెం ఇంట్ల తలుపు ఎనుక తగిలేసి వచ్చిన.
నడుము ఎడమ దిక్కు తేలికైతాంది,
మల్ల మల్ల తడుముకుంటాన,
పోరడు తప్పిపోయినోని లెక్క.

మా మేనమామది కేసముద్రం.
ఎనిమిదేండ్లప్పుడు సముద్రం చూస్తనని
రైలు ఎక్కి పోయిన.
స్టేషను బయట మక్కలు, పసుపు కొమ్ములు,
నిలబడ్డ గూడ్సు బండి ఒకటి.
ఏడిసిన.
"పేరే గదరా" అని మామ జిలేబి కొనిచ్చిండు.
గప్పటి సంది సముద్రం అంటె నాకు
వేలు మీదికెల్లి మోచేతి దాక కారే పాకమే.

దీనికి అవుతలి ఒడ్డు కనపడ్తాంది.
గుట్టలు కూడ కనపడ్తానయి.
అయినా సరే.
నడుమల ఉన్నంతసేపు
ఏ ఒడ్డూ నాకు పని చెప్పలే.

లాంచీ తోలే పోడెం సురేషు
ఇంజను బందు పెట్టిండు.
ఖరాబైందా అని అందరం లేసినం.
"ఏం కాలే. జర ఇనుండ్రి" అన్నడు.

ఏం ఇనాలె?
లారీ హారను లేదు.
ధర పాడే గొంతు లేదు.
ఎండిన మోడు మీద నీటికాకి
రెక్కలు ఇప్పి ఆరేసుకుంటాంది,
తడిసిన గోనె లెక్క.
మొగిలి తంబాకు నమలుడు ఆపిండు.
వాని పెండ్లాం మాట నడుమల ఆగింది,
మిగిలిన సగం మాట ఏడికి పోయిందో.

కోమల వంగి చెయ్యి నీళ్లల పెట్టింది.
ఇరవై ఏండ్లు తొడిమెలు తీసిన చెయ్యి అది,
రాత్రి పూట కొబ్బరి నూనె రాసినా
తెల్లారేదాక మండే చెయ్యి.
"సల్లగున్నదా" అన్న.
జవాబు చెప్పలే.
ఆడుకునే పిల్లను వాకిట్ల ఇడిసినట్టు
దాన్ని నీళ్లల ఇడిసిపెట్టి
వేరే దిక్కు చూస్తాంది.

నేను బల్ల మీద ఒరిగిన.
గప్పుడు సమజైంది,
కింద నన్ను ఎవరో మోస్తాండ్రు.
మోసేటోనికి మోసేటోని సంగతి తెలుస్తది.
నీళ్లు భుజం మార్చుకుంటానయి,
కుడి నుంచి ఎడమకు, నిమ్మలంగ,
సరుకు కదలకుండ.
హుం అనలే. కొక్కెం గుచ్చలే.
బస్తాకు ఎంతిస్తవని ముందే అడగలే.
మంచి హమాలీ అనుకున్న,
మా సంఘంల చేర్చుకోవచ్చు,
చందా గూడ మాఫీ చెయ్యొచ్చు.
కూలి ఎంతయిందో అడుగుదామనే లోపల
నిద్ర పట్టింది.

ఎంతసేపు పన్ననో.
పగటి నిద్ర ఎట్లుంటదో
యార్డుల ఎండకు తెల్వది, నాకూ తెల్వది.
లేసేసరికి ఒడ్డు.
ఎవడో ఫోన్ల చెప్తాండు,
సోమవారం నలభై వేల బస్తాలు దిగుతయట.

అందరు దిగినంక ఆఖరుకు దిగిన.
ఎనుకకు తిరిగి చూస్తె
లాంచీ వేలెడంత పైకి లేసింది.
అంటె అది నా తూకం.
కాంటా మీద ఏది పెట్టినా
రెండు కిలోలు తరుగు తీసే ఊళ్లె
నన్ను మొత్తం లెక్క పట్టింది ఈ చెరువొక్కటే.

డీసీఎంల కోమల నా పక్కకే కూసున్నది.
చెయ్యి ఇంక తడిగనే ఉన్నది.
కొంగుకు తుడుచుకోలే.