బహుశా

కెయోన్ దాటాక చిత్తడి పచ్చికలో
ముక్కు దిగేసుకుని ఉంది,
ఇద్దరు పట్టే చిన్న విమానం.
పైలట్ ఎలిసెయో. పక్క సీట్లో
దీవి దీవికీ తిరిగి టీకాలు వేసే నర్సు ఒర్తెన్సియా.
టీకాల పెట్టె పగల్లేదు.
అందులో మంచుగడ్డలు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

నేను ప్యుర్తో మోంత్ నుంచి చేరేసరికి మూడు గంటలైంది.
ట్యాంకుల్లో పెట్రోలుంది, వాసన చూశాను.
చుక్కాని తీగలు తెగలేదు.
ప్రొపెల్లర్‌కి ఒక రెక్క వంగింది, రెండోది నిటారుగానే ఉంది:
నేల తగిలేనాటికి ఇంజిన్‌లో జీవం లేదన్నమాట.

బరువు లెక్క కట్టాను. పదకొండు కిలోలు ఎక్కువ.
అవి ఒర్తెన్సియా ఇంటికి తీసుకెళ్తున్న
ఊదారంగు బంగాళాదుంపలు.
పదకొండు కిలోలకి మనుషులు పోరు
అని రాశాను, కొట్టేశాను,
మళ్లీ రాశాను.

ఇక మిగిలింది ఒక నల్ల పిడి.
లాగితే కార్బురేటర్‌లోకి వేడిగాలి వెళ్తుంది.
సగం లాగి ఉంది.
అతను లాగాడా, దెబ్బకి జారిందా?
లాగితే, ఎంత ఆలస్యంగా?

మర్నాడు సాయంత్రం నోల్ఫా తలుపు తీసింది.
ఎవరి తప్పని అడగలేదు.
"ఏం దొరికింది?" అంది.
"ఏమీ దొరకలేదు. మంచు అనుకుంటున్నాను,
ఇంజిన్ గొంతులో."
"మంచా! నిన్న పద్నాలుగు డిగ్రీలు.
నేను స్వెటరైనా వేసుకోలేదు."
అబద్ధం పట్టేసిన దానిలా చూసింది.

చలి అక్కర్లేదమ్మా, చెమ్మ చాలు.
ఇరుకు సందులో దూరే గాలి
తనంతట తనే చల్లబడిపోతుంది.
దానిలోని తడి గోడకి అంటుకుని గడ్డ కడుతుంది.
ఇంజిన్‌కి ఊపిరాడదు.
మేం వెళ్లి మూత విప్పేలోపు
కరిగి, ఆరి, ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత పెరట్లోకి నడిచింది.
తీగ మీద అతని చొక్కాలు నాలుగు.
"నిన్న వాడు బయల్దేరుతుంటే ఆరేశాను.
చినుకు పడలేదు. అయినా ఆరలేదు.
ఏం గాలిరా ఇది అని తిట్టుకున్నాను కూడా."

నివేదికలో తేమ తొంభై మూడు శాతం అని నింపాను.
కారణం దగ్గర 'బహుశా' అని మొదలుపెట్టాను.
చొక్కాల సంగతి రాయడానికి గడి లేదు.

ఆమె ఒక చొక్కా చేతిని పట్టుకుని పిండింది.
నీళ్లేం రాలేదు.
అరచెయ్యి మాత్రం తడిసింది.
నాకు చూపించింది.