పసుపు నా వంతు

ఆరుగురం, ఒకే బల్ల చుట్టూ.
బొమ్మ ఎడమ నుంచి వస్తుంది, కుడికి పోతుంది.
నీలం డార్కస్‌ది: ఆకాశం, ఇద్దరు సైనికాధికారుల కోట్లు.
ఆకుపచ్చ ట్రైఫీనాది. తోట కదా, చెట్లు మరీ ఎక్కువ;
దాని వేళ్ళ సందుల్లో పుళ్ళు మానవు.
చెంపలకు గులాబీ వేసేది మెహెటబెల్. తొమ్మిదేళ్ళు.
ఎవరి చెంప ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతుంది.
పసుపు నా వంతు.
దీపాలు. అరవై నాలుగు.

పధ్నాలుగో పేజీ ఎదుట అతికించే బొమ్మ ఇది.
థేమ్స్ అవతలి ఒడ్డు, వేసవి రాత్రి,
మండపం మీద వాద్యగాళ్ళు,
కింద టోపీలు, విసనకర్రలు,
ఒకామె చెయ్యి పట్టుకుని ఇంకొకామెను చూసే పెద్దమనుషులు.
బల్ల మీద పంది మాంసం ముక్క ఎంత పల్చగా చెక్కాడంటే
అడుగున పింగాణీ మీది పువ్వు కనబడుతుంది.
దానికి గులాబీ వెయ్యాలా మానాలా అని
ఒక పూటంతా తగువులాడుకున్నాం.

కుంచె మొన నాలికతో తడుపుకోవాలి. పసుపు చేదు.
సాయంత్రం రొట్టె కొరికినా దీపాల రుచే.

కుడి మూల ఒక దారి. చెట్లు కమ్ముకున్న దారి.
అందులో ఒక ఆడమనిషి, వీపు మాత్రం కనిపిస్తుంది.
నమూనా కాగితంలో ఆమెకు ఏ రంగూ లేదు.
"అక్కడెవరూ చెయ్యి పెట్టకండి," అన్నాడు మేస్త్రీ స్క్రోప్,
"చీకటికి కూలి ఇవ్వక్కర్లేదు."

ఆగస్టులో ఒక శనివారం నేనే వెళ్ళాను.
షిల్లింగు కూడబెట్టడానికి పదకొండు వారాలు.
బోనెట్ డార్కస్ వాళ్ళక్కది.
ఈల మోగింది. తోటంతా ఒక్కసారిగా వెలిగింది.
అందరూ అబ్బా అన్నారు.
నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, అలవాటు చొప్పున.
మూడు వందలు దాటాక ఎవరిదో భుజం తగిలి లెక్క తప్పింది.

అది నా పసుపు కాదు.
నూనె కంపు, గాజు అంచుల్లో మసి,
లోపల కాలిన పురుగులు,
ఒక దీపం బొట్టుబొట్టుగా కారి
ఎవరిదో తెల్ల చొక్కా పాడుచేసింది.
మాంసం ముక్క సంగతి మాత్రం నిజమే. చూశాను, కొనలేదు.

ఆ దారి వెతుక్కుంటూ పోయాను.
వీపు లేదు.
బెంచీ వెనక నక్కి, వడ్డన కుర్రాడొకడు
ఎవరో వదిలేసిన పళ్ళెం గోకి తింటున్నాడు.
నన్ను చూసి చటుక్కున లేచి, మూతి తుడుచుకుని,
"ఏం కావాలమ్మా?" అన్నాడు.
పంతొమ్మిదేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు.
ఏమీ తోచక, టైమెంతైంది అన్నాను.

సోమవారం మళ్ళీ బల్ల. అదే చేదు.
కాస్త మసి వేద్దామంటే నమూనాలో లేదు.
అరవై నాలుగు. అరవై నాలుగు. అరవై నాలుగు.
మేస్త్రీ కిటికీ వైపు తిరిగినప్పుడు
ఒక్క ప్రతిలో, ఆ వీపు పక్కన, ఆకుల కింద
ఆవగింజంత పసుపు పెట్టాను.
ఆమె కోసమో, కుర్రాడి కోసమో,
ఊరికే ఏమవుతుందో చూద్దామనో.
తల కొంచెం ఇటు తిప్పినట్టే ఉంది.
సరిగ్గా చూసేలోపు
బొమ్మ కుడికి పోయింది.

కూలి రోజున స్క్రోప్ పద్దు తెరిచాడు.
"కెజయా. ఒక కాగితం మీద మరక."
పెన్నీ కోశాడు.
మరకేనని ఒప్పుకున్నాను.
ఆ కాగితం చింపేశారా, అమ్మేశారా
అడగలేదు.
అడిగితే చెప్పేస్తారు.