రైట్ రైట్

వారానికి మూడుసార్లు
పూతలపట్టు మీదుగా తిరుపతి ల్యాబుకొస్తాడు
మునిరత్నం, రిటైరైన కండక్టరు.
నలభై నిమిషాలు కదలని సైకిలు తొక్కుతాడు.
నేను గుండె వేగం రాసుకుంటాను.

దిగాక గడప దగ్గర
కాళ్లు నేలకి అతుక్కుపోతాయి.
కుడిచేతి వేళ్లు మాత్రం
ఎప్పుడో దిగిపోయినవాళ్లకి
చిల్లర లెక్కపెడుతూనే ఉంటాయి.

పట్టుకోబోతే వద్దంటాడు.
"ఉండు పాపా. బండి ఆగుండాది గానీ
చెడిపోలా."
గోడమీద రెండు దెబ్బలు కొట్టుకుని
రైట్ రైట్, అంటాడు.
కాలు లేస్తుంది.

పన్నెండో వారం స్కాను.
లోపల ఆ మసక చోటు
కాస్తయినా వెలిగిందా?
ఇంకా ఇరవైరెండు మంది తేలాలి,
ఇప్పుడే ఏమీ అనకూడదు.

నా పట్టికలో అన్నిటికీ గళ్లున్నాయి,
ఆ దెబ్బలకి తప్ప.
అంచున పెన్సిలుతో రాశాను:
గోడ. రెండుసార్లు.