నాలుగు కాళ్ళూ నేల మీద

మిగ్లా అంటే మా భాషలో పొగమంచు.
ఆ పేరు రంగు చూసి పెట్టాను, గుణం చూసి కాదు.
పొగమంచు ఎవరి గుండెల మీదికీ దూకదు,
కోటు గుండీలు పీకదు,
పోస్టు తెచ్చే ఉల్దిస్ కళ్ళజోడుని
మూడంతస్తుల మెట్లు దొర్లించదు.

లియెపాయ రేవు గాలికి
మా మేడ తలుపులు వాటంతట అవే కొట్టుకుంటాయి.
ప్రతి చప్పుడూ దానికి చుట్టమే.

మార్చి నెల.
ఎదురు వాటా వెల్తా తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది.
పంతొమ్మిది రోజుల్లో ఇంటికొస్తుందని కబురు.
చంకలో కర్ర, కొత్త ఇనుప కీలు,
ఎనభై ఒకటో ఏడు.
ఇటు నా గుమ్మంలో
ఇరవై ఎనిమిది కిలోల సంబరం.

కుక్క తోక వంకరన్నారు అందరూ.
తోక సంగతి నాకెందుకు?
నాక్కావలసింది కాళ్ళు.
నాలుగూ. నేల మీద.

పొగబెట్టిన చీజ్‌ని శనగగింజంత ముక్కలు కోసి
డబ్బా నింపాను.
రెండో అంతస్తు రేనార్స్‌ని అతిథిగా కుదుర్చుకున్నాను.
పదేళ్ళవాడు. కూలి,
నేను రాత్రిళ్ళు పనిచేసే బేకరీ నుంచి రోజుకో బన్ను.
గంట కొట్టాలి, రావాలి, పోవాలి, మళ్ళీ రావాలి.
అది దూకితే వాడు స్తంభం.
మాట లేదు, కసురు లేదు,
వీపు తిప్పి పైకప్పు చూడాలి,
తలుపేసుకుని వెళ్ళిపోవాలి.

మిగ్లా మూసిన తలుపు వంక చూసేది
పెళ్ళి మధ్యలో ఎవరో దీపాలార్పినట్టు.

మొదటిరోజు ముప్ఫై గంటలు, ముప్ఫై దూకుళ్ళు.
ముప్ఫైయొకటోసారి
ఏం గుర్తొచ్చిందో, కిందే ఉండిపోయింది.
రెప్పపాటు.
ఆ రెప్పపాటులోనే మూతి దగ్గర ముక్క పెట్టాను.
క్షణం ఆలస్యమైతే
జీతం ఇంకో పనికి ముట్టినట్టే.

మా నాన్న అయితే మోకాలు ఎత్తి రొమ్ములో పొడిచేవాడు.
రెండురోజుల్లో నేర్చుకునేవి మా కుక్కలు.
తర్వాత ఎవరొచ్చినా మంచం కిందికి దూరేవి.
వాటి పక్కన
నాకూ కొంచెం చోటుండేది.

పన్నెండో రోజున ఉల్దిస్ వచ్చాడు.
పగిలిన కళ్ళజోడు మర్చిపోయి,
"పాపం, ప్రేమే కదా" అని రెండు చేతులూ చాచాడు.
పదకొండు రోజుల చదువు
అతని కోటు మీద బురద ముద్రలయింది.
అతనికీ ఓ ముక్క పెట్టి
చేతులు జేబుల్లో ఉంచుకోవడం నేర్పాను.
ఆ పాఠానికి
కుక్కకంటే ఎక్కువ చీజ్ ఖర్చయింది.

వెల్తా వచ్చింది.
లిఫ్టు లేని మేడ.
కర్ర టక్కుమనడం, ఆగడం, ఊపిరి,
మళ్ళీ టక్కు.
ఒక్కో అంతస్తుకీ ఒక్కో దగ్గు.
వెనక సంచి మోస్తూ రేనార్స్.

మిగ్లా కూర్చుంది.
తోక గుమ్మమంతా ఊడ్చేస్తోంది,
గొంతులో సన్నటి ఈల,
ఒళ్ళంతా వణుకు,
పాలు అంచుదాకా పొంగి
అక్కడే నిలబడ్డట్టు.
ముందరి కాలొకటి అంగుళం లేచింది,
ఆలోచించింది,
దిగింది.

వెల్తా ఆఖరి మెట్టు మీద ఆగి చూసింది.
"ఏమే స్కైద్రీతే, దీనికి ఒంట్లో బాలేదా?"

అంతే.
ఆరు వారాలు ఆ మూసిన తలుపు దాటుకుంటూ
రాత్రి పనికి వెళ్ళినదాన్ని,
దాని కిందనుంచి దీపం వెలుగు రాదని తెలిసీ
ప్రతిసారీ వంగి చూసినదాన్ని,
నాకేమయిందో, ఒక్క ఉదుటున
వెళ్ళి ఆవిడ మీద పడ్డాను.
కర్ర జారి రెండు మెట్లు దిగింది.
కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది గానీ
ఆవిడ నన్ను తిట్టలేదు.
నా జుట్టులో పిండి దులుపుతూ ఉండిపోయింది.

మిగ్లా లేవలేదు.
రేనార్స్ దానికి మూడు ముక్కలు లెక్కపెట్టి ఇచ్చాడు.
డబ్బాకి మూత బిగించాడు.
తర్వాత నా వంక ఒక్కసారి చూసి,
మాట లేకుండా, కసురు లేకుండా,
వీపు తిప్పి
పైకప్పు చూస్తూ నిలబడ్డాడు.